ఒక గదిలో ఇమడని మనిషి: కట్టమంచి రామలింగారెడ్డి

మన విద్యార్థి సంఘం వారు ఈ యేటి సావనీరుకి ఏదైనా రాసి పంపమని ఉత్తరం రాశారు. మాస్టారూ, మీ సబ్జెక్టు మీదే రాయండి అన్నారు. నా సబ్జెక్టు కెమిస్ట్రీ. ముప్ఫై ఏళ్ళకు పైగా అదే చెప్పాను, అదే తిన్నాను. అయినా ఇప్పుడు కాగితం ముందు కూచుంటే రాయబుద్ధయ్యేది ఫార్ములాల గురించి కాదు, ఒక మనిషి గురించి. ఆయన పేరు మీ అందరికీ తెలుసు. విశాఖపట్నంలో ఆయన విగ్రహం, ఏలూరులో ఆయన పేరిట 1945లో పెట్టిన కాలేజీ ఉన్నాయి. పేరు తెలిసినంతగా మనిషి తెలియడు, అదే ఇబ్బంది.

ముందు నా సంగతి కొంచెం చెప్పాలి. అది చెప్పకపోతే రెడ్డి గారు నాకు ఎందుకు అక్కరకొచ్చారో అర్థం కాదు.

మాది కురిచేడు. గుంటూరు నుంచి గుంతకల్లు వెళ్ళే రైలుదారిలో వినుకొండ దాటాక, దొనకొండకు ముందు వచ్చే స్టేషను. నేను ఎమ్మెస్సీకి విశ్వవిద్యాలయ కళాశాలలో చేరింది ఎనభైల మొదట్లో. అప్పటికింకా మా దారి మీటరుగేజీయే. పెట్టె మీద కూచుని, మూటలో సజ్జరొట్టెలు పెట్టుకుని గుంటూరు దాకా వచ్చేవాణ్ణి. చేరిన మొదటి యేడు ఒక మధ్యాహ్నం ఏమీ తోచక తెలుగు శాఖ వరండాలో నడుస్తుంటే లోపల ఎవరో కళాపూర్ణోదయం కథ చెబుతున్నారు. కాళ్ళు అక్కడే ఆగిపోయాయి. వెనక బెంచీ మీద పోయి కూచున్నాను. మూడు నాలుగు వారాలు అలా వెళ్ళాను. ఈ సంగతి మా శాఖలో ఒక పెద్దాయన చెవిన పడింది. ఆయన పేరు ఇక్కడ అనవసరం. పిలిచి నిలబెట్టి, మెట్ట ఊరి నుంచి అప్పు చేసి వచ్చినవాడివి, పద్యాలు వింటే ఉద్యోగమిస్తారా, నీ గదిలో నువ్వుండు అన్నాడు. తప్పుగా అన్నాడని ఇప్పుడు కూడా అనను. మా నాయన అప్పు చేసిన మాట నిజమే. తెలుగు క్లాసు మానేశాను.

అయితే లైబ్రరీకి ఎవరూ అడ్డం చెప్పలేదు. ఆ క్లాసులో విన్న కథ కోసం వెతుకుతుంటే కవిత్వతత్త్వ విచారము అనే పుస్తకం దొరికింది. పింగళి సూరన మీద విమర్శ. రాసినవాడు కట్టమంచి రామలింగారెడ్డి. ఎవరో పండితుడై ఉంటాడనుకున్నాను. కొన్నాళ్ళకు ఇంకో బీరువాలో అర్థశాస్త్రము అని ఒక తెలుగు పుస్తకం కనిపించింది. అదీ ఈయనదే. ఆ తరువాత తెలిసింది, ఈయన చదువుకున్నది సాహిత్యమూ కాదు, అర్థశాస్త్రమూ కాదు, చరిత్ర అని. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి మొదటి వైస్‌ఛాన్సలర్ ఈయనే అని తెలిసేసరికి నాకు ఆశ్చర్యం కన్నా కోపం ఎక్కువ వచ్చింది. ఈయన్ని ఎవరూ పిలిచి నీ గదిలో నువ్వుండు అనలేదా అని.

అనలేదనే చెప్పాలి. రెడ్డి గారు 1880 డిసెంబరు 10న చిత్తూరు పక్కన కట్టమంచిలో పుట్టారు. తండ్రి సుబ్రహ్మణ్యం రెడ్డి గారు వకీలు. తిండికి లోటు లేని ఇల్లు, ఇంట్లో భారత భాగవతాలు చదివే అలవాటు. ఈ మాట దాచకూడదు. అప్పు చేసి వచ్చినవాడికీ, వకీలు కొడుక్కీ తేడా ఉంది. ఇష్టమైనవన్నీ చదువుకోవడానికి తీరిక కావాలి, తీరికకు వెనక ఆస్తి కావాలి. ఆయన గొప్పతనం చెప్పేటప్పుడు చాలామంది ఈ ముక్క వదిలేస్తారు.

చిత్తూరులో హైస్కూలు అయ్యాక మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో చేరారు. బి.ఏ.లో తీసుకున్నవి చరిత్ర, తత్వశాస్త్రం. కానీ ఆయనకు మొదటిసారి పేరు తెచ్చింది ఆ రెండూ కావు. ఆ కాలేజీలో ఆంధ్ర భాషాభిరంజని సంఘం అని తెలుగు పిల్లల సంఘం ఒకటుండేది. 1899లో ఆ సంఘం వారు కావ్యరచనకు పోటీ పెట్టారు. పందొమ్మిదేళ్ళు కూడా నిండని ఈ కుర్రాడు ముసలమ్మ మరణము రాసి బహుమతి కొట్టాడు.

ఆ కథ మీలో ఎంతమందికి తెలుసో! అనంతపురం దగ్గర బుక్కరాయసముద్రం చెరువు కట్ట తెగబోతుంది. ఊరు కొట్టుకుపోకుండా ఉండాలంటే ఒక ఇంటి కోడలు ముసలమ్మ బలి కావాలని మాట పుడుతుంది. ముసలమ్మ అంటే ముసలిది అనుకునేరు, పడుచు పిల్ల, బిడ్డ తల్లి. ఆమె అందరికీ చెప్పి గండిలోకి నడిచిపోతుంది. అంతవరకూ తెలుగులో కావ్యమంటే రాజు ఉండాలి, రాణి ఉండాలి, చివరికి పెళ్ళి జరగాలి. ఈ పిల్లవాడు రైతు కోడల్ని నాయికను చేశాడు, కథను చావుతో ముగించాడు. ఇంగ్లీషు, గ్రీకు విషాదాంతాలు చదివిన బుర్రా, అనంతపురం జిల్లా చెరువుకట్టా ఒకచోట కలిస్తేనే ఆ కావ్యం పుట్టింది. తెలుగు మాత్రమే చదివినవాడు ఆ రోజుల్లో దాన్ని రాసేవాడు కాదు, ఇంగ్లీషు మాత్రమే చదివినవాడికి ఆ చెరువే తెలియదు.

కాలేజీ సంఘం పెట్టిన పోటీ అది, సిలబసులో లేదు. మన సంఘం వాళ్ళు ఈ ముక్క గమనించాలి.

1902లో ప్రభుత్వ స్కాలర్‌షిప్ మీద కేంబ్రిడ్జిలో సెయింట్ జాన్స్ కాలేజీకి వెళ్ళారు. అక్కడ చదివింది చరిత్ర. ఇక్కడొక తమాషా ఉంది. కేంబ్రిడ్జిలో అప్పటిదాకా అర్థశాస్త్రమనేది చరిత్ర, తత్వశాస్త్రాల డిగ్రీలలో ఒక భాగంగా ఉండేది. దాన్ని వేరు చేసి దాని గది దానికివ్వాలని ఆల్‌ఫ్రెడ్ మార్షల్ చాలాకాలం పట్టుబట్టి, 1903లో అర్థశాస్త్రానికి ప్రత్యేకంగా ట్రైపాసు పెట్టించాడు. అంటే రెడ్డి గారు అక్కడికి వెళ్ళిన మరుసటి యేడే ఆ గోడ లేచింది. గోడకు ఇవతల చరిత్రలో ఉండి కూడా ఆయన అవతలి చదువు మానలేదు. తరువాత తెలుగులో అర్థశాస్త్రం రాయడానికి ఆయనకు అధికారం ఎక్కడిదంటే, అక్కడిది. తెలుగులో అప్పటికి ఆ శాస్త్రానికి మాటలే లేవు. ఒక్కొక్క మాటా వెతుక్కోవాలి, లేకపోతే కల్పించుకోవాలి. అర్థశాస్త్రం మాత్రమే వస్తే చాలదు, నన్నయ తిక్కనలు కూడా చదివుండాలి.

కేంబ్రిడ్జిలో ఆయన ఎక్కువ నేర్చుకున్నది తరగతి బయటేనేమో అని నాకనిపిస్తుంది. కేంబ్రిడ్జి యూనియన్ అని విద్యార్థుల చర్చావేదిక ఉంది. దానికి ఉపాధ్యక్షుడిగా ఎన్నికయ్యారు. ఒక నల్లవాణ్ణి, పరాయి ఏలుబడిలో ఉన్న దేశం నుంచి వచ్చినవాణ్ణి తెల్ల విద్యార్థులు ఓట్లేసి ఎన్నుకోవడం ఆ రోజుల్లో చిన్న సంగతి కాదు. కీన్స్ కూడా అప్పుడు అక్కడ విద్యార్థే, ఇద్దరూ ఆ చర్చల్లో తిరిగినవాళ్ళే. ఆ నోటి పదును రెడ్డి గారికి జీవితాంతం ఉంది. అది ఆయనకు మేలు ఎంత చేసిందో కీడు కూడా అంతే చేసింది. ఎదుటివాణ్ణి ఒక్క మాటతో కింద పడేయడం వచ్చినవాడికి స్నేహితులు తక్కువ.

దేశానికి తిరిగొచ్చాక బరోడా మహారాజు శాయాజీరావు గాయక్వాడ్ కొలువులో, అంతకు ముందు అరవిందులు పనిచేసిన బరోడా కళాశాలలో ఉద్యోగం. అమెరికా వెళ్ళి అక్కడి చదువుల పద్ధతి చూసి రావడం కూడా ఆ రోజుల్లోనే. ఆ కాలానికి అమెరికాలో దీని మీద పెద్ద గొడవే నడుస్తోంది. హార్వర్డుకు నలభై ఏళ్ళు అధ్యక్షుడిగా ఉన్న ఎలియట్, విద్యార్థి తనకు నచ్చిన పేపర్లు తానే ఏరుకోవచ్చునని తలుపులన్నీ తెరిచేశాడు. పిల్లలు ఇష్టమొచ్చినట్టు ఏరుకుని, తేలిక పేపర్లతో గట్టెక్కడం మొదలుపెట్టారు. 1909లో ఆయన దిగిపోయాక వచ్చిన లోవెల్, ఒకదాంట్లో లోతుగా దిగాలి, మిగతావాటిని కూడా తలా కొంచెం రుచి చూడాలి అని కట్టుబాటు పెట్టాడు. ఇవాళ మనవాళ్ళు పలికే మేజరు, మైనరు మాటలు ఆ దేశం నుంచి దిగినవే.

అక్కడి నుంచి రెడ్డి గారు మైసూరు మహారాజా కాలేజీకి చరిత్ర ఆచార్యుడిగా వచ్చారు. చరిత్ర చెబుతూ, 1914లో కవిత్వతత్త్వ విచారము అచ్చువేశారు. ప్రబంధ కవుల వర్ణనల్ని నిలబెట్టి అడిగారు, కథకు మీరెందుకు అని. సూరనకు ఒక్కడికి పట్టం కట్టారు. పండితులు భగ్గుమన్నారు. చరిత్ర మాస్టరుకి కవిత్వంతో ఏం పని అన్నది వాళ్ళ ప్రశ్న. నిజం చెప్పాలంటే ఆ పుస్తకంలో దుడుకుతనం కూడా ఉంది. ప్రబంధాలలో ఆయనకు కనిపించని అందాలు ఎన్నో తరువాతివాళ్ళు చూపించారు. అయినా తెలుగులో విమర్శ అనే మాటకు ఇప్పుడున్న అర్థం రావడం ఆ పుస్తకంతోనే మొదలు. సొంత గదిలో ఉన్నవాళ్ళకు అలవాటైపోయిన గోడల్ని పక్క గది నుంచి వచ్చినవాడే చూడగలిగాడు.

మైసూరులో విశ్వవిద్యాలయం పెట్టాలని అనుకున్నప్పుడు ఏ తీరుగా ఉండాలో తేల్చడానికి ఆధారమైంది, దేశదేశాల విశ్వవిద్యాలయాలు చూసి రెడ్డి గారు పోగుచేసిన సమాచారమూ, థామస్ డెన్‌హామ్ చేసిన పరిశీలనా. 1916లో ఆ విశ్వవిద్యాలయం ఏర్పడింది. రెడ్డి గారు మహారాజా కాలేజీకి ప్రిన్సిపాలయ్యారు. సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు తత్వశాస్త్ర ఆచార్యుడిగా 1918లో అదే కాలేజీకి వచ్చారు. వీళ్ళిద్దరి కథ ముందు ముందు మళ్ళీ కలుస్తుంది. అటుపైన రెడ్డి గారు మైసూరు విద్యాశాఖకు ఇన్‌స్పెక్టర్ జనరల్ అయ్యారు. పంచముల పిల్లల్ని అందరితోపాటు ఒకే బడిలో కూచోబెట్టాలని పట్టుబట్టి పెద్దకులాలవాళ్ళతో తగువు తెచ్చుకున్నారు. చదువుని వెడల్పు చెయ్యడమంటే సబ్జెక్టులు పెంచడమే కాదు గదా, ఎవరెవరు లోపలికి రావచ్చు అన్నది కూడా అందులోదే.

1921లో ఆ ఉద్యోగం వదిలి రాజకీయాల్లో దిగారు. ఈ భాగం తొందరగా దాటేస్తాను. జస్టిస్ పార్టీలో చేరడం, కొద్దికాలానికే పడక బయటికి రావడం, 1923 నవంబరులో మద్రాసు శాసనమండలిలో పానగల్లు రాజా మంత్రివర్గం మీద అవిశ్వాస తీర్మానం పెట్టి ఓడిపోవడం, ఇదీ వరస. ఉపన్యాసాలు బ్రహ్మాండం, పార్టీ నడపడం చాతకాలేదు.

ఆంధ్రులకు వేరే విశ్వవిద్యాలయం కావాలన్న కోరిక చట్టమై 1926లో బెజవాడ కేంద్రంగా ఆంధ్ర విశ్వవిద్యాలయం మొదలైంది. రెడ్డి గారు మొదటి వైస్‌ఛాన్సలర్. అద్దె కొంపల్లో మొదలు. ముఖ్య స్థానం ఎక్కడుండాలన్న దాని మీద నాలుగేళ్ళు తగాదా. బెజవాడ అని కొందరు, రాజమహేంద్రి అని కొందరు, అనంతపురం అని కొందరు. చివరికి 1930కి వాల్తేరులో స్థిరపడింది. ఈలోగా దత్తమండలాల వారూ చిత్తూరు వారూ మాకు మద్రాసు విశ్వవిద్యాలయమే మేలని తప్పుకున్నారు. పాపం, రెడ్డి గారు పెట్టిన విశ్వవిద్యాలయంలో రెడ్డి గారి సొంత జిల్లాయే లేకుండా పోయింది! మా పడమటి వైపు సంగతీ అంతే. మార్కాపురం, గిద్దలూరు, కంభం అప్పుడు కర్నూలు జిల్లా. కాబట్టి అవీ బయటే ఉండిపోయాయి. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడినప్పుడు గుంటూరు, నెల్లూరు, కర్నూలు మూడింటి నుంచీ తలో ముక్క తెచ్చి కుట్టారు. 1976 నుంచి నాగార్జున విశ్వవిద్యాలయం, 2022లో ఒంగోలులో ఆంధ్రకేసరి విశ్వవిద్యాలయం వచ్చేదాకా మా వాళ్ళ చదువు ఎప్పుడూ ఎవరో ఒకరి వాకిట్లోనే.

విశ్వవిద్యాలయపు ముద్ర మీద ఉండవలసిన వాక్యాన్ని రెడ్డి గారే ఉపనిషత్తు నుంచి ఏరారు. గురువూ శిష్యుడూ ఇద్దరి చదువూ కలిసి వెలగాలని దాని తాత్పర్యం. ముద్రను గీసిన చిత్రకారుడు కౌతా రామమోహనశాస్త్రి గారు. ఇంగ్లీషు డిగ్రీలు లేని వేదం వేంకటరాయశాస్త్రి గారి వంటి పండితులకు కళాప్రపూర్ణ అని గౌరవ పట్టమిచ్చి విశ్వవిద్యాలయం తనలో కలుపుకుంది. పరీక్షలు పాసైనవాడే విద్వాంసుడు అన్న లెక్కను అలా ఒకవైపు సడలించారు.

1930లో ఉప్పు సత్యాగ్రహం వచ్చింది. ప్రభుత్వం జనం మీద లాఠీలు విరగ్గొట్టింది. దానికి నిరసనగా రెడ్డి గారు వైస్‌ఛాన్సలర్ పదవికి రాజీనామా ఇచ్చారు. అప్పుడప్పుడే కట్టడాలు లేస్తున్న చోటు, తన చేత్తో నాటిన మొక్క. దాన్ని వదిలి లేచిపోవడం ఎంత కష్టమో, చిన్న కాలేజీలో ఒక ల్యాబు కట్టించిన నాకే తెలుసు. 1931లో ఆ కుర్చీలోకి రాధాకృష్ణన్ గారు వచ్చారు. విశ్వవిద్యాలయ కళాశాలలు, ఆనర్సు తరగతులు ఆయన హయాంలో నిలదొక్కుకున్నాయి. హుమాయూన్ కబీర్ తత్వశాస్త్రం, హీరేన్ ముఖర్జీ చరిత్ర చెప్పడానికి వంగదేశం నుంచి వచ్చారు. కెమిస్ట్రీకి టి.ఆర్. శేషాద్రి గారు, ఫిజిక్సుకి సూరి భగవంతం గారు. జయపురం మహారాజు విక్రమదేవ వర్మ యేటా లక్ష రూపాయల చొప్పున ఇచ్చేందుకు ఒప్పుకున్నారు. సైన్సు కాలేజీకి ఆయన పేరే పెట్టారు. ఆ మహారాజు స్వయంగా కవి, పండితుడు. కవిత్వం రాసుకునే రాజు డబ్బుతో ప్రయోగశాలలు లేచాయన్నమాట.

1936లో రాధాకృష్ణన్ గారు ఆక్స్‌ఫర్డు వెళ్ళడంతో రెడ్డి గారు మళ్ళీ వచ్చారు. ఇంక 1949 దాకా కదల్లేదు. చక్కెర పరిశ్రమకు పనికొచ్చే రసాయన సాంకేతిక విద్య ఒక పక్క, తెలుగు ఆనర్సు ఇంకో పక్క, భూగర్భశాస్త్రం మరో పక్క. 1942 ఏప్రిల్‌లో విశాఖ మీద జపాను బాంబులు పడ్డాయి. కట్టడాలు సైన్యం తీసుకుంది. విశ్వవిద్యాలయం మూటాముల్లె సర్దుకుని గుంటూరు వచ్చింది. శేషాద్రి గారి శిష్యులు ఇరుకు గదుల్లో పువ్వుల రంగుల మీద, చెట్ల బెరళ్ళ మీద పరిశోధన చేసిన రోజులవి. యుద్ధం అయ్యాక మళ్ళీ వాల్తేరు. రెడ్డి గారి కాలం దాటాక ఆ విశ్వవిద్యాలయానికి స్వామి జ్ఞానానంద గారు కూడా వచ్చారు. పశ్చిమ గోదావరిలో పుట్టి, హిమాలయాల్లో తపస్సు చేసి, యూరపు వెళ్ళి అణుభౌతికశాస్త్రం చదివిన సన్యాసి ఆయన. కాషాయంలో ఉన్న మనిషికి న్యూక్లియర్ ఫిజిక్సు అప్పగించడమంటే మామూలు సంగతి కాదు.

మచ్చలు లేవని కాదు. లాఠీలకు నిరసనగా 1930లో రాజీనామా ఇచ్చిన మనిషే 1942లో సర్ బిరుదు పుచ్చుకున్నారు. అదే యేడు ఆగస్టులో క్విట్ ఇండియా అని దేశం జైళ్ళకు నడిచింది. రెండింటికీ పొంతన నాకు ఇంతవరకూ కుదరలేదు. ఇంకొకటి నేరుగా మన విషయానికి సంబంధించింది. ఆయన కాలంలో పెరిగిన ఆనర్సు పద్ధతి లోతు నేర్పింది గానీ వెడల్పు నేర్పలేదు. ఫిజిక్సు ఆనర్సు వాడికి చరిత్ర శాఖ దారి కూడా తెలియదు. రెడ్డి గారు తానొక్కడూ అన్ని గదుల్లో తిరిగారు, గదుల మధ్య తలుపులు మాత్రం కొట్టించలేకపోయారు. మనిషికి సాధ్యమైంది కట్టడానికి సాధ్యం కాలేదు. 1948-49లో రాధాకృష్ణన్ గారి అధ్యక్షతన పనిచేసిన విశ్వవిద్యాలయ విద్యా సంఘం, డిగ్రీలో ప్రతివాడికీ సామాన్య విద్య కొంత ఉండాలని గట్టిగా చెప్పింది. దాన్నిబట్టి అక్కడక్కడ పేపర్లు పెట్టారు. మా రోజుల్లో అటువంటి పేపరంటే గైడు కొని ముందు రాత్రి చదివేదని లెక్క. క్లాసు వచ్చేది గ్రూపు మార్కుల మీద గదా అనేవాళ్ళం.

రెడ్డి గారు పెళ్ళి చేసుకోలేదు. 1949లో మైసూరు విశ్వవిద్యాలయానికి ప్రో ఛాన్సలర్‌గా వెళ్ళి, 1951 ఫిబ్రవరి 24న కన్నుమూశారు.

ఇంతకీ ఆయన నాకు అక్కరకొచ్చిన సంగతి. ఎమ్మెస్సీ రెండో యేడు సెలవులకి ఇంటికొచ్చి మా వీధి బావి నీళ్ళు రెండు సీసాల్లో పట్టుకెళ్ళాను. మా వైపు ఫ్లోరైడు బాధ కొత్తది కాదు. పళ్ళ మీద గార, నడివయసుకే వంగిపోయే నడుములు, మడత పడని మోకాళ్ళు. ల్యాబులో జిర్కోనియం, అలిజరిన్ ఎరుపు కలిపి చూస్తే రంగు వెలిసిపోయి పసుపులోకి దిగిపోయింది. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడదని లెక్క. మా బావి దానికి ఎంతో పైన. ఇదేదో సాధించినట్టు కాగితం మీద అంకె వేసుకుని ఊరికొచ్చి మా నాయనమ్మకి చెప్పాను. ఆమె అప్పటికే గోడ పట్టుకుని లేచే మనిషి. అంతా విని, సరే నాయనా, మరి ఏం నీళ్ళు తాగమంటావురా అంది.

నా దగ్గర సమాధానం లేదు.

పటిక, సున్నం వేసి తేర్చే నల్గొండ పద్ధతి అప్పటికి వచ్చింది. బిందెలో చేసి చూపించాను. వగరుగా ఉన్నాయని ఉమ్మేసింది. ఇంట్లో ఆడవాళ్ళు రోజూ బిందెకు ఇంత పటిక తూచి, కలిపి, తేరేదాకా ఆగి, వంచుకోవాలి. కూలికి పోయే వాళ్ళకి అది జరిగే పని కాదు. ఆ సంగతి కెమిస్ట్రీలో ఎక్కడా లేదు.

ఆ సెలవుల్లోనే లైబ్రరీ నుంచి తెచ్చుకున్న ముసలమ్మ మరణము చదివాను. చెరువు తెగితే ఊరు పోతుందని ఒక పిల్ల ప్రాణమిచ్చిందంటే, ఆ ఊరికి ఆ చెరువు ఏమైనట్టు? అప్పుడు తట్టింది అడగాలని. నాయనమ్మనే అడిగాను. మీ చిన్నప్పుడు ఏ నీళ్ళు తాగేవాళ్ళు అని. చెరువు నీళ్ళు, వాన నీళ్ళు అంది. బావులు లోతుకు తవ్వింది తరువాత. లోతు నీళ్ళు రాళ్ళలోని ఫ్లోరైడుని కరిగించుకుని పైకొస్తాయి, పైన నిలిచిన వాననీళ్ళలో అది తక్కువ. ఇంత చిన్న సంగతి నా డిగ్రీకి అందక, ఒక కావ్యం మీదుగా తిరిగి మా పంచలోకి వచ్చింది. మరుసటి వారం కంభం వెళ్ళి చెరువు కట్ట మీద నిలబడ్డాను. రెండు కొండల సందున గుండ్లకమ్మకు అడ్డం వేసిన కట్ట. విజయనగరం నాటి వరదరాజమ్మ కట్టించిందని చెబుతారు. ఆ కట్టకు ఎంత మట్టి పట్టింది, తూములు ఎవరు చూసేవారు, పూడిక ఎప్పుడు తీసేవారు, ఇవన్నీ చరిత్ర శాఖలో ఒకాయన దగ్గర కూచుని తెలుసుకున్నాను. ఆయన నన్ను నీ గది ఏదిరా అని అడగలేదు.

దాంతో మా ఊరిని నేనేదో ఉద్ధరించానని కాదు. నాయనమ్మ ఆ నీళ్ళే తాగి, అలా వంగే పోయింది. సాగర్ కాలువ నీళ్ళు నిలవజేసి ఊళ్ళకు ఇవ్వడం ప్రభుత్వం చేసిన పని, ఎందరో అడగ్గా అడగ్గా జరిగిన పని. నేను చేసిందల్లా, నా దగ్గరికి వచ్చిన కెమిస్ట్రీ పిల్లల్ని యేడాదికి ఒకసారి ఏదో ఒక చెరువు దగ్గరికి తీసుకెళ్ళి, సీసాలు నింపించి, ఆ ఊళ్ళో ముసలివాళ్ళతో ఒక పూట మాట్లాడించడం. సిలబసు అవ్వలేదని రెండుసార్లు మెమో కూడా తిన్నాను.

2023-24లో మన రాష్ట్రంలో డిగ్రీకి సింగిల్ మేజర్ పద్ధతి పెట్టారు. మూడు సబ్జెక్టుల గ్రూపు పోయి ఒక మేజరు, పక్కన ఒక మైనరు, ఇంకా కొన్ని చిల్లర కోర్సులు. కాగితం మీద చూస్తే లోవెల్ చెప్పిందే. కానీ నాకు తెలిసిన ఒక కాలేజీలో కెమిస్ట్రీ మేజరు పిల్లలందరికీ ఒకే మైనరు రాసిచ్చారు, టైమ్‌టేబుల్ కుదరదని, చెప్పేవాళ్ళు లేరని. తలుపు పెట్టి తాళం వేసినట్టుంది.

పోయిన సంక్రాంతికి కురిచేడు వెళ్ళాను. మా తమ్ముడి మనవరాలు డిగ్రీ రెండో యేడు, కెమిస్ట్రీ మేజరు. మైనరు ఏం తీసుకున్నావే అని అడిగితే, అందరికీ ఇచ్చిందే తాతా అంది. ఇంకేమైనా చదువుతున్నావా అంటే కొంచెం సిగ్గుపడి, ఆ చెరువు కథ పుస్తకం మీ దగ్గరుందంట గదా, ఈసారి వచ్చేటప్పుడు తెచ్చిపెడతావా అంది. పుస్తకం అట్ట ఊడిపోయింది, కాగితాలు ముట్టుకుంటే విరిగేట్టున్నాయి. బైండింగుకి ఇచ్చాను. వచ్చే ఆదివారానికి అవుతుందన్నాడు.